కాళహస్తి చేరని వెండి పడగలు

అమ్మ నెలమాసికం అయిన మర్నాడు ఆమె ట్రంకుపెట్టె తెరిచాం. తెరిచింది నేను. అక్క కిటికీ దగ్గర కూర్చుని చాటలో బియ్యం ఏరుతూ ఉంది. ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. చావు జరిగిన ఇంట్లో అయితే మరీ కష్టం. మంచం మీద కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే వంటింట్లోకి పోవాలనిపిస్తుంది, అక్కడికి పోయాక ఎందుకు వచ్చానో గుర్తుండదు. కాలుగాలిన పిల్లిలా నెల రోజులూ అట్లా తిరిగి తిరిగి చివరికి ఆ పెట్టె ముందేసుకున్నాను. పైన చీరలు, చీరల మడతల్లో ఎండిన వేపాకు, ఒక పాత దువ్వెన, మేమిద్దరం కట్టి విడిచిన పావడాలు. అడుగున పంచెగుడ్డలో కట్టిన చిన్న మూట. విప్పితే వెండి నాగపడగలు, జతలు జతలుగా. బొటనవేలి గోరంత పలుచటి రేకులు, నల్లబడిపోయి ఉన్నాయి. నాగదోషం ఉందనుకున్నవాళ్ళు కాళహస్తికి పోయి పూజ చేయించుకుని హుండీలో వేసే పడగలు అవి.

"అక్కా, ఇవి సూడు!" అని అరిచాను. అక్కకు వినపడదు. లేచిపోయి భుజం తట్టి ఒక జత అరచేతిలో పెట్టాను. ఎడమ కంటికి దగ్గరగా పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి చూసి, "అవ్వ సేయించినవి" అని నా చేతికి తిరిగి ఇచ్చేసింది. ఆమె చూపు నా పెదవుల మీదికి వచ్చేదాకా ఆగి, "హుండీలో ఎందుకు ఎయ్యలేదు?" అని అడిగాను. "మనం యాడ పోయినాం కాళహస్తికి?" అంది అక్క, మళ్ళీ బియ్యంలోకి వంగుతూ. నిజమే. ఆ ఏడాది ఎన్నోసార్లు కాళహస్తికని చెప్పి బయలుదేరాం. ఒక్కసారీ చేరలేదు.

మా ఇల్లు చిత్తూరులో బెల్లం మండీ వెనక వీధిలో ఉండేది. నాయన బెల్లం వ్యాపారి. లారీల మీద వచ్చిన దిమ్మెలు ముందు గదిలో దించేవాళ్ళు. ఆ గది గచ్చు ఎంత కడిగినా అరికాళ్ళకు అంటుకునేది. ఈగలూ, కందిరీగలూ, గండుచీమలూ మాతోపాటే కాపురం చేసేవి. వానాకాలంలో బెల్లం చెమర్చి, ఇల్లంతా పులిసిన వాసన. ఆ వాసన మా జడలకు పట్టి బడిదాకా వచ్చేది. వెనక గది అవ్వది. అవ్వ అంటే నాయన తల్లి. ఆమె దగ్గర విబూది, పొగాకు, నెయ్యి కలిసిన ఇంకో వాసన. శుక్రవారం తెల్లారితే పుట్టకు పాలు పోసి వచ్చేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. పొయ్యి మీద ఏది వేగుతున్నా, ఎవరు ఎక్కడికి పోతున్నా, ఆమె చెవిన పడకుండా ఆ ఇంట్లో జరిగేది కాదు. అమ్మ ఆ రెండు గదుల మధ్య నడిచి నడిచి అరిగిపోయింది. నాకు ఈ నిలకడలేనితనం ఆమె కాళ్ళనుంచే వచ్చిందేమో.

మాకంటే ముందు అమ్మకు పుట్టినవాళ్ళు పోయారు. ఆ కథ అవ్వ నోట ఎన్నిసార్లు విన్నానో. వచ్చిన చుట్టాలకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, మమ్మల్నిద్దరినీ ఎదురుగా నిలబెట్టి చెప్పేది. "మొదటిది ఐదో నెల్లోనే పాయె. రెండోది ఏడో నెలదాకా నిలిసె. మూడోది నిండు నెల్లకు పుట్టి కండ్లు తెరవకనే పాయె. ఒక్కోదానికీ ఒక్కో జత పడగలు కాళహస్తికి పంపిస్తి. దేవుడు దోసాన్ని రవ్వంత రవ్వంతగా దించుతా వచ్చినాడు. నాలుగోది ఇదో, బతికె. ఐదోది సూడండి, బండరాయి మాదిరి ఉండాది." ఆ బండరాయిని నేను. అక్కకు నాగలక్ష్మి అనీ, నాకు నాగరత్న అనీ పేర్లు పెట్టింది కూడా అవ్వే. ఎవరైనా నన్ను బండరాయి అంటే ఇప్పటికీ లోపల గర్వంగా ఉంటుంది, దాచడం ఎందుకు.

అక్క మాత్రం పుట్టినప్పటినుంచే అవ్వ చెప్పే దోషానికి సాక్ష్యంగా పెరిగింది. పుట్టిన కొన్నాళ్ళకే ముక్కు మూసుకుపోయి, నెత్తుటి చీమిడి కారుతూ, పాలు తాగలేక ఏడ్చేదట. తర్వాత అరచేతులూ అరికాళ్ళూ పొరలు పొరలుగా ఊడిపోయాయి. అవ్వ ఆ పొర ఒకటి ఆకులో పెట్టుకుని వీధి వీధంతా చూపించింది: "కుబుసం ఇడస్తా ఉండాది బిడ్డ!" పెరిగేకొద్దీ అక్క ముక్కుదూలం లోపలికి కూరుకుపోయింది. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చినప్పుడు పైన మధ్య రెండు పళ్ళూ పొట్టిగా, కొసలకు సన్నబడి, అంచున గాటు పెట్టినట్టు వచ్చాయి. "పాము పండ్లు" అన్నారు వీధిపిల్లలు. తాడును చూసి పామనుకునేవాళ్ళు ఉంటారు. మా ఇంట్లో ముందు పామును అనుకున్నారు, ఆ తర్వాత కనిపించిన ప్రతి తాడూ దానికే ముడిపడింది. అక్క మాత్రం ఎవరేమన్నా పట్టించుకునేది కాదు. నేను రాళ్ళు పట్టుకుని పిల్లల వెంటపడితే, నా చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చేది.

బియ్యం ఏరడంలో అక్కను మించినవాళ్ళు మా వీధిలోనే లేరు. ఆ రోజుల్లో బియ్యమంటే సగం రాళ్ళూ మట్టిపెళ్ళలే. నాయనకు నడివయసు రాకముందే దవడపళ్ళు లేవు. ఉన్న నాలుగింటితో రాయి కొరికాడంటే ఇల్లు ఎగిరిపోయేది. నేను ఏరితే తప్పకుండా రాయి ఉంటుంది, నాకంత ఓపిక ఎక్కడిది? అందుకని ఏరేది అక్కే. చాట కదిలించి, బియ్యాన్ని ఒక అంచుకు పరిచి, పిట్ట ముక్కుతో పొడిచినట్టు రెండు వేళ్ళతో టక్కున తీసేది. అట్లాంటిది, ఆమెకు పన్నెండో ఏడో పదమూడో ఏడో నడుస్తుండగా, నాయన పంటికి ఒక రాయి తగిలింది. ఆ రోజు నవ్వి, "ఏం మే, సూపు యాడ పెట్టినావు?" అన్నాడు. మర్నాడు ఇంకొకటి తగిలింది. ఆ తర్వాత కంచం విసిరేశాడు. ఒక మధ్యాహ్నం అమ్మ తలుపు పక్కన నిలబడి అక్కనే చూస్తోంది. నేను ఏదో అడగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. అక్క కళ్ళు మూసుకుని, నీళ్ళు కారుతుంటే భుజానికి తుడుచుకుంటూ, గింజ గింజా వేళ్ళతో తడుముకుంటూ రాళ్ళు వెతుకుతోంది.

ఆ కళ్ళు తెరిచి చూస్తే ఎర్రగా ఉన్నాయి. నల్లగుడ్డు మీద బూడిదరంగు మంచు పట్టినట్టుంది. మొదట ఒక కంటికి, తర్వాత రెండో కంటికి. వెలుతురు పడితే ముళ్ళు గుచ్చినట్టుందని తలమీద తువ్వాలు కప్పుకుని చీకటి మూల కూర్చునేది. కంట్లో పువ్వు వేసిందన్నారు. రాత్రంతా నీళ్ళలో నానేసిన నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టారు. పక్కింటి బాలింత వచ్చి చనుబాలు పిండి పోయింది. మూడు పూటలా పొన్నగంటాకు కూర. అవ్వ ఒక్కతే కంగారు పడలేదు. "కుబుసం ఇడిసే ముందర పాముకు కండ్లు మసకబారతాయి. తెలీదా మీకు? దోసం రవ్వంత మిగిలి ఉండాది. కాళహస్తికి పోయి రాహుకాలం పూజ సేయించుకోని రండి" అని కంసాలి దగ్గర కొత్త పడగలు చేయించి అమ్మ చేతిలో పెట్టింది. నేనూ వెంటపడ్డాను. బస్సంటే నాకు పిచ్చి.

చిత్తూరునుంచి కాళహస్తి బస్సు తిరుపతి మీదుగా పోతుంది. దారి పొడుగునా అక్క అమ్మ ఒళ్ళో తలపెట్టి మూలుగుతూనే ఉంది. కిటికీకి కట్టిన అమ్మ కొంగు గాలికి లేచినప్పుడల్లా ఎండ మీద పడి ఉలిక్కిపడేది. తిరుపతి బస్టాండులో ఆగినప్పుడు పక్క సీట్లో పూలబుట్టతో కూర్చున్న ఆమె, "ఏం తల్లీ, బిడ్డను ఇట్ల పెట్టుకోని గుడికి పోతావా? ఈడ పెద్దాసుపత్రిలో కండ్లు సూసే డాక్టరమ్మ ఉండాది గదా" అంది. అమ్మ లేచి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. అక్కను నడిపించుకుని మెట్టుదాకా పోయి అక్కడ ఆగిపోయింది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు బస్సులో. అత్తమాట కాదని ఆమె ఆ ఇంట్లో చెంబు కూడా జరిపి ఎరగదు. కండక్టరు విసుక్కున్నాడు: "దిగుతావామ్మా, పోతావా? ఏదో ఒకటి సెప్పు." అమ్మ దిగింది.

ఆస్పత్రి గోడ నిండా ఎర్ర త్రికోణాలు, ఫినాయిలు వాసన, జనం. డాక్టరమ్మ బక్కపలచటి మనిషి, నవ్వని మనిషి. దీపం వేసి అక్క కళ్ళు చూసింది. చూసి, దీపం ఆర్పేసి, "నోరు తెరువమ్మా" అంది. అక్క పళ్ళు చూస్తూ ఉండిపోయింది. అమ్మకు ఓపిక పోయింది. "పండ్లకేమీ లేదు తల్లీ, కండ్లు సూడండి" అంది. డాక్టరమ్మ వినిపించుకోకుండా అక్క ముక్కు మీద వేలుతో రాసింది, పావడా పైకెత్తి మోకాళ్ళు నొక్కింది, కత్తి అంచులా ముందుకు వంగిన మోకాటి కింది ఎముకను తడిమింది. అప్పుడు అమ్మ వైపు తిరిగి, "ఈ పాపకు ముందు ఎంతమంది పోయారు?" అని అడిగింది. అమ్మ ఐదో నెల దగ్గర మొదలుపెట్టింది, అంతే. తక్కినదంతా డాక్టరమ్మే చెప్పేసింది. తర్వాతది ఇంకొంచెం ఎక్కువ నెలలు నిలిచిందా, ఆ తర్వాతది చచ్చి పుట్టిందా, ఈ పాపకు పుట్టగానే ముక్కు మూసుకుపోయిందా, అరచేతులూ అరికాళ్ళూ తొక్క ఊడాయా, తర్వాత పుట్టిన ఈ చిన్నది బాగానే ఉందా. అమ్మ చేతులు జోడించి, "నీకెట్లా తెలుసు తల్లీ? సోది సెప్తావా?" అంది. అవ్వ మజ్జిగ ఇచ్చి చెప్పే దేవుడి కథే అది, అక్షరం తేడా లేదు. దాన్ని ఈమె జబ్బు కథగా చెప్పింది.

మా నెత్తురు తీసుకుని మళ్ళీ వారం రమ్మంది. పూజ వారం వారం చేయించాలన్నారని అవ్వకు చెప్పి మళ్ళీ పోయినప్పుడు, డాక్టరమ్మ అక్కనూ నన్నూ బయట కూర్చోబెట్టాలని చూసింది గానీ, అక్క నా చెయ్యి వదల్లేదు, నేను అమ్మ కొంగు వదల్లేదు. కాబట్టి విన్నాను. ఆ పేరు నేను అంతకుముందు విన్నది బజార్లో ఆడవాళ్ళు జుట్లు పట్టుకున్నప్పుడే: సవాయి, ఇప్పటివాళ్ళు సిఫిలిస్ అనే సుఖరోగం. డాక్టరమ్మ ఆ మాట గొంతు తగ్గించకుండా, జలుబు అన్నట్టు అంది. మొదట ఒక పుండు లేస్తుంది, నొప్పి ఉండదు, మందు వేయకపోయినా మానిపోతుంది. తర్వాత ఒంటిమీద దద్దుర్లు, అవీ పోతాయి. పోయాయి కదా అని మనిషి మరిచిపోతాడు. అది మరవదు. నెత్తుట్లో దాక్కుంటుంది. కడుపుతో ఉన్న తల్లినుంచి బిడ్డకు పోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ తల్లి ఒంట్లో దాని ఉధృతి తగ్గుతుంది కాబట్టి మొదటివాళ్ళు పోతారు, నడిమివాళ్ళు దెబ్బతింటారు, చివరివాళ్ళు తప్పించుకుంటారు. అమ్మ నెత్తుట్లో ఉంది, అక్క నెత్తుట్లో ఉంది, నాకు లేదు. "ఎట్లుంటాది అది?" అని అడిగింది అమ్మ. "కంటికి కనపడదు. పెద్ద భూతద్దం కింద పెట్టి చూస్తే సన్నగా, మెలికలు మెలికలుగా ఉంటుంది" అంది డాక్టరమ్మ. "పాము మాదిరా?" డాక్టరమ్మ మొదటిసారి కొంచెం నవ్వి, "అట్లాంటిదే అనుకో" అంది.

వారం వారం సూదులు వెయ్యాలి, కళ్ళలో చుక్కలు వెయ్యాలి, మధ్యలో ఆపితే కళ్ళు పోవచ్చు, ఈ పిల్లకు రేపు చెవులకూ రావచ్చు, భర్తను కూడా పంపించాలి. ఇవన్నీ చెప్పి పంపింది. తిరుగు ప్రయాణమంతా అమ్మ కిటికీ ఊచ పట్టుకునే కూర్చుంది. ఇంట్లో అవ్వకు విబూదీ కుంకుమా ఇచ్చింది. అవి తిరుపతిలో గుడి ముందరి అంగట్లో కొన్నవి. పడగల జత మాత్రం ఆమె రొంటినే ఉండిపోయింది.

శుక్రవారం పొద్దున అవ్వ పుట్టకు పోయిన వేళ నాయన అన్నానికి కూర్చున్నాడు. నేను బెల్లం గదిలో చీమలు తోలుతున్నాను. ఆయన తింటున్నప్పుడు అమ్మ ఎప్పుడూ నిలబడే ఉండేది. ఆ రోజు ఎదురుగా కూర్చుంది. డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పింది. నాయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "అది పెండ్లికి ముందర మాట. మద్రాసులో. ఒక్క పుండు, నొప్పి గూడా లేదు. అయినా గమ్మునుండక వైద్యుని కాడికి పోయి పాదరసం మందు తింటి. మండలం పత్యముంటి. సిగుళ్ళు వాచి పండ్లు ఊడిపాయె. ఇంగేం సెయ్యమంటావు? నాకు ఎప్పుడో మానిపాయె గదా" అన్నాడు. అమ్మ ఆయన్ను ఎప్పుడూ మీరు అనేది. "నీకు మానింది" అంది. "నా కడుపులో మానలేదు." ఆమె ఆయన్ను నువ్వు అనగా నేను విన్నది ఆ ఒక్కసారే.

నాయన ఏడవలేదు, అరవలేదు. "కడుపు సించుకుంటే కాళ్ళ మీద పడతాది. మాయమ్మకు తెలియనీయొద్దు" అని చెయ్యి కడుక్కుని మండీకి పోయాడు. సూదులు ఆయనా వేయించుకున్నాడు, వేరేగా, సరుకు పనిమీద పోయినట్టు పోయి. ఆ తర్వాత అన్నంలో రాయి తగిలితే ఆయన దవడ ఒక్కసారి ఆగేది, అంతే. మింగేసేవాడు. నాకు ఆయన మీద అప్పుడు కోపం రాలేదు, జాలి వేసింది. ఇప్పుడు కోపం వస్తుంది. మానిపోయిందని ఆయన నిజంగానే నమ్మాడు, అది నాకు తెలుసు. అయినా పోయిన ముగ్గురూ, అక్క కళ్ళూ గుర్తొస్తే ఆ జాలి నిలవదు. ఈ వయసులో తండ్రి మీద కొత్తగా కోపం రావడం ఎంత చిరాకో చెప్పలేను. దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియక ఇట్లా ఇల్లంతా తిరుగుతుంటాను.

అట్లా కాళహస్తి పేరు చెప్పి వారం వారం తిరుపతి ప్రయాణం మొదలైంది. అవ్వ పడగలు ఇస్తుంది, అమ్మ రొంటిన దోపుకుంటుంది, మేం తిరుపతిలో దిగుతాం. సూది పడ్డాక అక్క ఒక కాలు ఈడుస్తూ నడిచేది, అమ్మ కూడా. ఇద్దరూ ఒకే పక్కకు వంగి నడుస్తుంటే నాకు నవ్వొచ్చేది. కానీ ఇంటికి చేరేటప్పటికి అమ్మ నడక సరిచేసుకునేది. భయమంతా ఇంట్లోనే. "గుడి ముందర ఏరులో నీళ్ళుండాయా?" అని అవ్వ అడుగుతుంది. ఉన్నాయని ఒకసారి, లేవని ఒకసారి నేను నోరు జారేదాన్ని. "కాళహస్తి విబూది ఈ వాసన రాదే" అని చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. అమ్మ గబగబా వంటింట్లోకి పోయేది. అక్క కళ్ళమీది మంచు మాత్రం కొద్దికొద్దిగా పలచబడుతోంది. తువ్వాలు తీసి కూర్చుంటోంది. అంతలో ఒక వారం అవ్వ ఉతికిన కోక కట్టుకుని, సంచీ పట్టుకుని వాకిట్లో నిలబడింది. "నేనూ వస్తా ఉండా. ఈసారి నా సేత్తోనే హుండీలో ఏస్తా."

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. అమ్మ సీట్లో కూర్చోలేకపోయింది. జడ విప్పింది, వేసుకుంది, సంచీ ఒళ్ళోంచి కిందికి, కిందనుంచి ఒళ్ళోకి. పాకాల దాటాం. ఈ వారం సూది మానేసి నిజంగానే కాళహస్తికి పోయి పూజ చేయించుకుని వస్తే సరిపోతుందని ఆమె అనుకుంటున్నట్టు నాకు అనిపించింది. నేనూ అదే కోరుకున్నాను, గొడవ లేకుండా పోతుందని. చంద్రగిరి దగ్గర అక్క కిటికీలోంచి వేలు చూపించి, "అమ్మా, కోట గోడ మింద మేకలు. నల్లదొకటి, మచ్చలది ఒకటి" అంది. ఎన్నో నెలల తర్వాత ఆమె దూరంనుంచి చూసి చెప్పిన మొదటి మాట అది. అమ్మ సంచీ కదపడం ఆపేసింది.

తిరుపతిలో బస్సు ఆగగానే అమ్మ అక్క చెయ్యి పట్టుకుని లేచింది. "ఇంగా కాళహస్తి రాలేదు గదే, యాడికి?" అంది అవ్వ. "మనం దిగేది ఈడనే అత్తా. ఇన్ని వారాలూ ఈడనే దిగినాం." "మరి పూజ? దోసం?" బస్సంతా మావైపే చూస్తోంది. అమ్మ వంగి, అవ్వ చెవి దగ్గరగా గానీ నాకు వినపడేటట్టే అంది: "నువ్వు సెప్పింది నిజమే అత్తా. పామే. కంటికి కనపడని పాము. మా నెత్తుట్లో ఉండాది. నాకు వచ్చింది నీ కొడుకునుంచి. దానికి మందు ఈడ ఉండాది, కాళహస్తిలో లేదు. దిగుతావా, పోతావా?" జవాబు కోసం ఆగకుండా మమ్మల్ని దింపేసింది. బస్సు కదిలింది. నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. స్టాండు మలుపు దాకా పోయాక లోపలనుంచి అవ్వ గొంతు వినిపించింది: "నిలపప్పా, నిలుపు! ముసల్దాన్ని దిగల్ల!"

ఆస్పత్రి బల్ల మీద అవ్వ ఆ పొద్దంతా కూర్చుంది. అక్కకు సూది వేయడం తలుపు సందులోంచి చూసింది. ఎవరినీ తిట్టలేదు. చివరికి అమ్మను, "నాకు గూడా నీ మొగునికి ముందర ఇద్దరు పోయినారు. ఆళ్ళకూ ఇదేనా?" అని అడిగింది. "ఎవురికి తెలుసు అత్తా" అంది అమ్మ, ఆమె పక్కన కూర్చుంటూ. తిరిగి వచ్చేటప్పుడు విబూది అవ్వే కొంది, నాలుగు అంగళ్ళు తిరిగి, వాసన చూసి. వీధిలో ఆడవాళ్ళు చుట్టూ చేరితే, "పూజ బాగా జరిగింది" అంది. అవ్వ కూడా పోయిందని తెలిసి నాయన ఇంటి గడప మీద తల వంచుకుని నిలబడ్డాడు. అవ్వ ఆయన్ను దాటుకుని లోపలికి పోయింది. ఆ రోజునుంచి ఆమె ఆయనకు వడ్డించలేదు. మళ్ళీ వారం మాత్రం కొత్త పడగల జత తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. ఎందుకని అమ్మ అడగలేదు. తీసి రొంటిన దోపుకుంది.

అక్క కళ్ళు నిలిచాయని తెలిసి మా వీధిలో కాళహస్తికి గిరాకీ పెరిగింది. వీధి చివర లారీ డ్రైవరు భార్యకు రెండు కాన్పులు పోయాయి. ఆమె అవ్వ దగ్గరికి సలహాకు వచ్చింది. ఈసారి ఏం చెప్తుందోనని నేనూ అక్కా చెవులు రిక్కించి కూర్చున్నాం. అవ్వ మజ్జిగ ఇచ్చి, ఎప్పటి గొంతుతోనే చెప్పింది: "ముందు తిరుపతిలో దిగల్ల. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఉండాది, ఆమెకు నెత్తురు ఇయ్యల్ల, మొగుడూ పెండ్లామూ ఇద్దరూ. ఆయమ్మ సరే అన్నంకనే కాళహస్తికి పోవల్ల. లేకుంటే పూజ పలించదు. మేం అట్లనే సేసినాం." అది అవ్వ పెట్టిన ఆచారం. ఆమె పోయిన చాన్నాళ్ళకు కూడా ఆ వీధి కోడళ్ళు కాళహస్తికి పోతూ తిరుపతిలో దిగి, డాక్టరమ్మకు పూలిచ్చి నెత్తురు చూడమని అడిగేవాళ్ళు. చిత్తూరునుంచి వచ్చేవాళ్ళకు ఈ అలవాటు ఏమిటో ఆమెకు చివరిదాకా అర్థం కాలేదట. కడుపు చించుకోకుండానే కడుపు కాపాడుకునే దారి అవ్వ కనిపెట్టింది. అబద్ధమా నిజమా అని ఇప్పుడు నేను తేల్చలేను.

అక్క కళ్ళల్లో సన్నటి పొరలు మిగిలిపోయాయి. డాక్టరమ్మ పెళ్ళికి అభ్యంతరం లేదని చెప్పింది గానీ, వచ్చినవాళ్ళు ముక్కు చూసి పోయారు. తర్వాత అక్కే వద్దంది. నాయన పోయాక మండీలో ఆమే కూర్చుంది. ముప్పై దాటాక చెవులు తగ్గుతూ వచ్చాయి. బేరాలు వినపడవు కాబట్టి ఒకటే ధర. "పాముకు సెవులుండవు గదా" అని నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, కళ్ళూ మండుతాయి. మొన్న నా కూతురు కడుపుతో ఉంటే నెత్తురు పరీక్షకు తీసుకుపోయాను. గాజు అద్దాల గది, చల్లటి గాలి, నెత్తురు తీసే పిల్ల చెవిలో ఏదో పాట. "ఇందులో అది కూడా చూస్తారా?" అని అడిగాను. "అన్నీ చూస్తాం ఆంటీ" అంది, తల ఎత్తకుండానే. అంతే. ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పనక్కర్లేదు, బస్సు మధ్యలో దిగనక్కర్లేదు. సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ ఆ గదిలో నేను మాత్రమే నిలబడి అటూ ఇటూ తిరుగుతుంటే, కూతురు "కూర్చోమ్మా, ఏమైంది నీకు?" అని విసుక్కుంది. ఏం చెప్పను? జబ్బు లోకంలోంచి పోలేదు, ఊళ్ళో దాని పేరు మాత్రం పోయింది. పేరు తెలియకపోతే మమ్మల్ని దాన్నుంచి దాటించినవాళ్ళూ గుర్తుండరు.

మూట చేతిలో పట్టుకుని ఇదంతా అక్కకు చెప్పాను, పెదవులు స్పష్టంగా కదుపుతూ, సగం అరుస్తూ. వీటిని ఏం చేద్దాం? హుండీలో వేద్దామా, కరిగిద్దామా, ఏట్లో వదిలేద్దామా? ఏదో ఒకటి చెయ్యకుండా నాకు నిలవదు. అక్క నా మొహం వైపు చూసి, మూట తీసుకుని మళ్ళీ ముడి వేసి పెట్టె అడుగున పెట్టింది. "ఉండనీ. అమ్మ దాసింది మన కోసరం గాదు. ఆ ముగ్గురి కోసరం. నాకూ అమ్మకూ సూదులు పడినాయి, ఆళ్ళకేమి పడినాది?" అంది. నేను పెట్టె పక్కనే కూలబడ్డాను. చాలాసేపు కదల్లేదు. అక్క మళ్ళీ కిటికీ దగ్గరికి పోయి చాట ఒళ్ళోకి తీసుకుంది. ఇప్పటి సంచీ బియ్యంలో రాళ్ళుండవు, ఏరడం ఎందుకని నేను ఎన్నిసార్లు పోట్లాడానో. ఆమె బియ్యాన్ని అంచుకు పరిచి, కళ్ళు చిట్లించి, రెండు వేళ్ళతో టక్కున తీసింది. చెయ్యి చాపి నా అరచేతిలో పెట్టింది.

"సూడు" అంది. ఆవగింజంత నల్లరాయి.